చెవికందిన చెయ్యి

ఇప్పటిదాకా ఎన్ని జట్లకు ఆడావని అడిగితే యేసుప్రసాద్ వేళ్ళు మడవడం మొదలుపెడతాడు. చెన్నై కాలేజీ, ఆ తర్వాత బ్యాంకు, కోయంబత్తూరు మిల్లు, కొట్టాయం క్లబ్బు, బెంగళూరులో రెండు, ఒకే ఒక్క ఏడాది నడిచి మూతబడిన లీగు. వేళ్ళు అయిపోతాయి, లెక్క అయిపోదు. "ఇంగొగటి ఉండాది, నాగపూర్ కాడ. పేరు నోట్లోనే ఆడతాండాది," అని తల గోక్కుంటాడు.

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. కల్లూరులో కాపురం. కల్లూరు నుంచి కర్నూలు టౌనుకు పోయే షేర్ ఆటోల్లో డ్రైవరు పక్కన తప్ప ఇంకెక్కడా పట్టడు, అక్కడ కూర్చున్నా ఒక మోకాలు బయటే. ఆటోవాళ్ళందరికీ తెలిసిన మనిషి. భుజాన సంచి కనిపిస్తే చాలు, ఈసారి ఏ ఊరు ప్రయాణమప్పా అని అడుగుతారు. ప్రసాదు ఊరి పేరు చెబుతాడు. గెలిచి రా అంటారు వాళ్ళు. ఆడేది ఏం ఆటన్నది ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి.

మన కర్నూలు, కడప జిల్లాల్లో బాస్కెట్‌బాల్ ఆడి బతికేవాడున్నాడంటే నమ్మేదెవరు? క్రికెట్ అంటే సరే. కబడ్డీ అంటే ఊరి పెద్దలు మీసం తిప్పుతారు. బాస్కెట్‌బాల్ అంటే మాత్రం, "అది బళ్ళో ఆడపిల్లలు ఆడేది కదా?" అన్న పెద్దమనిషి ఒకాయన ప్రసాదు పెళ్ళిచూపుల్లోనే ఉన్నాడు. అయినా ప్రసాదు ఆడాడు, పదేళ్ళకు పైగా అదే తిండి పెట్టింది. పేరు రాలేదు. పేపర్లో ఫోటో పడితే కప్పు పట్టుకున్నవాడి వెనక ఇతని సగం భుజం పడేది.

ఎందుకంటే అతని పని గోడ పని. జట్టులో బంతి వేసే మొనగాడొకడు ఉంటాడు. వాణ్ణి తరుముకొచ్చే ఎదుటి జట్టువాడి దారికి అడ్డంగా పోయి కదలకుండా నిలబడాలి. దాన్నే స్క్రీన్ అంటారు. వచ్చినవాడు వచ్చినట్టే ఛాతీకి గుద్దుకుంటాడు. ఆ ఒక్క క్షణంలో మనవాడు ఖాళీ చూసుకుని బంతి వేసేస్తాడు. చప్పట్లు వాడికి, కమిలిన పక్కటెముకలు ప్రసాదుకి. ఈ పనికి పిలిస్తే వచ్చేవాణ్ణి గెస్టు ప్లేయరంటారు. ఏదో జట్టులో పొడుగాటివాడికి మోకాలు పోతుంది, టోర్నమెంటు నాలుగు రోజులుందనగా ప్రసాదుకు ఫోన్ వస్తుంది. రాత్రికి రైలెక్కుతాడు. కొత్త బనియన్ కుట్టించే టైము ఎవరికీ ఉండదు కాబట్టి మోకాలు పోయినవాడి బనియనే తొడుక్కుంటాడు, వీపు మీద వాడి పేరుతో సహా. కొట్టాయంలో ఒక టోర్నమెంటంతా జనం అతన్ని కురియన్ అని పిలిచారు. మూడో రోజుకు అతనూ పలకడం నేర్చుకున్నాడు.

ఇన్ని జట్లలోనూ, ఇన్ని గదుల్లోనూ ప్రసాదు చెప్పే కథ మాత్రం ఒకటే. అది అతని చేతి కథ.

వాళ్ళ ఊరు బేతంచెర్ల దగ్గర తెల్లరాళ్ళపల్లె. తండ్రి మారెన్న నాపరాళ్ళ పాలిషింగు ఫ్యాక్టరీలో కూలి, తల్లి కృపమణి పొలం పనులకు పోయేది, శనివారం శనివారం చర్చి ఊడ్చేది. ఆ రోజుల్లో పల్లెబడిలో పిల్లవాణ్ణి చేర్చుకోవాలంటే పుట్టిన కాగితాలు ఎవరి దగ్గరుంటాయి? కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్ళు. అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మని పంపేవాళ్ళు. ప్రసాదుకు పుట్టుకతోనే పొడుగాటి చేతులు. మూడున్నరేళ్ళప్పుడు ఏదో ముచ్చటకు తల్లి బడికి తీసుకుపోతే, చెయ్యి చెవిని దాటి చెంప దాకా పోయిందట. బడి పంతులు నరసింహ అయ్యవారు మారుమాట లేకుండా అయిదున్నర అని రాసేసుకున్నాడట. అంతే, రెండేళ్ళు హాంఫట్.

"నన్ను పొడుగు చేసింది ఈ చెయ్యే, ముసిలోణ్ణి చేసింది ఈ చెయ్యే," అని చెయ్యి నెత్తిమీదుగా తిప్పి చూపించేవాడు ప్రసాదు. అరవం వాళ్ళు, మలయాళం వాళ్ళు, నాగపూర్ వాళ్ళు అందరూ పడి పడి నవ్వేవాళ్ళు. నవ్వించినా, చివరికి ప్రసాదు గొంతులో ఒక ముల్లు ఉండేది. తను ఎప్పుడూ తనకంటే రెండేళ్ళు పెద్దవాళ్ళతో పోటీపడవలసి వచ్చిందని, ఆ రెండేళ్ళే లేకపోతే తన బతుకు ఈ గోడ పని కాదని అతనికి గట్టి నమ్మకం. ఆ నరసింహ అయ్యవారంటే ఒళ్ళు మంట. ఒకసారి బేతంచెర్ల బస్టాండులో ఆ ముసలాయన ఇతన్ని గుర్తుపట్టి, ఏం నాయనా ప్రసాదూ అంటూ ముఖం చాటంత చేసుకుని దగ్గరికొస్తే, ఇతను వినిపించనట్టు మొహం తిప్పుకుని కదులుతున్న బస్సెక్కేశాడు. ఆ తర్వాత ఏడాదికే ఆయన పోయాడు. చావుకు కూడా పోలేదు ప్రసాదు. చెన్నైలో ఉన్నాను కదా అనుకున్నాడు. కర్నూల్లో ఉన్నా పోయేవాడు కాదు, ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆ కథ అతనికి చెప్పింది తల్లి. ఎప్పుడంటే, పదో తరగతిలో ఉండగా. అప్పుడు కర్నూల్లో హాస్టలు బడిలో చదువుతున్నాడు. ఆ బడి కోర్టు సిమెంటుది కాదు, మన నాపరాళ్ళు పరిచింది. రాయికీ రాయికీ మధ్య సందులో పడితే బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. డ్రిల్లు మాస్టారు నాగరాజ్ సార్ ఆ కోర్టు మీదే ఇతన్ని తయారుచేశాడు. కడపలో రాష్ట్ర జట్టుకు పదహారేళ్ళ లోపు పిల్లల ఎంపికలు జరిగాయి. తండ్రికి సెలవు దొరక్క తల్లి వెంట పోయింది. రెండు రోజులు కంచె అవతల ఎండలో నిలబడి చూసింది. జాబితాలో ప్రసాదు పేరు లేదు. ఇంటికొచ్చి మంచమెక్కినవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు, బడికి పోనన్నాడు, ఫ్యాక్టరీలో రాళ్ళు మోస్తానన్నాడు. మూడో రోజు తెల్లవారి తల్లి జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పళ్ళెంలో పెట్టుకొచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఈ చేతి కథ చెప్పింది. "వాళ్ళంతా నీకంటే రెండేండ్లు పెద్దోళ్ళు నాయనా. నీకింగా పదమూడేండ్లే. ఇప్పుడే ఎట్లొస్తాది?" అంది. ప్రసాదు లేచాడు. రొట్టె తిన్నాడు. సోమవారం హాస్టలుకు పోయి, తనకింకా రెండేళ్ళు టైముందనుకుంటూ మిగిలిన పిల్లల కంటే రెండు గంటలు ఎక్కువ ఆడటం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి చెన్నై కాలేజీలో ఉచితంగా సీటు, ఆ తర్వాత ఈ జట్లన్నీ.

ఇప్పుడతనికి కాగితాల ప్రకారం ముప్పై ఒకటి. అతని లెక్క ప్రకారం ఇరవై తొమ్మిది. మోకాళ్ళు మాత్రం ఏ లెక్కా వినడం లేదు. భార్య ప్రసన్నకుమారి కర్నూల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. మొగుడు రైలు దిగొచ్చిన ప్రతిసారీ మోకాళ్ళకు ఐసు పెట్టేది ఆమే, పెడుతూ తిట్టేదీ ఆమే. ఇంట్లో ఉన్న రోజుల కంటే రైళ్ళలో ఉన్న రోజులు ఎక్కువని, పెళ్ళయి ఆరేళ్ళయినా పండగకు పక్కన నిలబడి ఫోటో దిగిన పాపాన పోలేదని ఆమె గోడు. న్యాయమైన గోడే.

అలాంటి సమయంలో ఫోన్ వచ్చింది. చేసింది వసంతకుమార్ సార్. సొంత ఊరు కడప, ముప్పై ఏళ్ళుగా చెన్నైలో ఉంటూ ఒక ప్రభుత్వ కంపెనీ జట్టుకు కోచింగ్ ఇస్తున్నాడు. ప్రసాదును ఏడేళ్ళుగా ఎరుగును, చేతి కథ ఏడుసార్లయినా విన్నాడు. కంపెనీ ఆటగాళ్ళ కోటాలో ఒక ఉద్యోగం తీశారట. పర్మనెంటు. ఆడినన్నాళ్ళు ఆడటం, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని పనిచేసుకోవడం, రిటైరయ్యేదాకా. గోడలా నిలబడేవాడు కావాలి, ప్రసాదు కంటే బాగా నిలబడేవాణ్ణి తను చూడలేదు. అడ్డం ఒక్కటే: ముప్పై ఏళ్ళు దాటకూడదు.

"నీ కథ నిజమైతే దానికి కాగితం తెచ్చుకో అప్పా," అన్నాడు వసంతకుమార్. "మీ గుళ్ళో బాప్తిస్మం రాసే రిజిస్టరు ఉంటాది కదా. దాని నకలు తీసుకోని కోర్టులో ఏస్తే తేదీ మారుస్తారు. మూడు నెలలు ఆపి పెట్టేది నా పూచీ."

ప్రసాదు ఆ పూట నేల మీద నడవలేదు. పదహారేళ్ళుగా గదుల్లో నవ్వులకు చెప్పుకున్న మాట కాగితమై, ఉద్యోగమై తిరిగి రాబోతోంది. ప్రసన్నకుమారి తిట్లన్నీ మరిచిపోయి, చెన్నైలో నర్సు ఉద్యోగాలు ఎక్కడెక్కడున్నాయో అప్పుడే ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టింది. మరునాడు పొద్దున్నే ప్రసాదు బేతంచెర్ల బస్సెక్కాడు.

తల్లి ఇంటి ముందు చాటలో కందులు చెరుగుతోంది. మారెన్న పోయి నాలుగేళ్ళయింది. కల్లూరు రమ్మంటే రాదు. అక్కడ ఎవరికీ ఎవరి ఇంట్లో ఏం వండారో తెలియదట, అదేం ఊరు అంటుంది. కొడుకు సంతోషంగా విషయం చెబుతుంటే ఆమె చాట ఆపలేదు. అంతా విని, ఆ రిజిస్టరు ఎప్పుడో చెదలు తినేసిందని చెప్పింది. సరే, చర్చి బీరువాలో చూద్దామంటే తాళంచెవి లేదంది. సంఘ పెద్ద దాసన్న దగ్గరుంటుంది కదా అంటే, ఆయన నంద్యాల పోయాడంది. ఆ మాట ఆమె నోట్లో ఉండగానే దాసన్న భుజాన తువ్వాలేసుకుని వీధి వెంట వస్తూ కనిపించాడు.

ప్రసాదు నవ్వాడు. ముసలిదానికి చెన్నై అంత దూరం పంపడం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాడు. పాపం, అంతకు మించి అతనికి తోచలేదు.

దాసన్నకు ప్రసాదంటే ప్రాణం. పల్లెలో పుట్టి విమానమెక్కి ఆడొచ్చినవాడు వీడొక్కడే అని అందరికీ చెప్పుకుంటాడు. గబగబా చర్చి తలుపు తీసి, బీరువాలోంచి రిజిస్టరు బయటకు తీశాడు. చెద లేదు, గిద లేదు. ఎర్ర బట్ట అట్ట, అంచులు కాస్త నలిగాయి, అంతే. ఇద్దరూ బల్ల మీద పెట్టి 1995 పేజీలు తిరగేశారు. ప్రసాదు పేరు లేదు. 1996 చూశారు. లేదు. బాప్తిస్మం ఆలస్యంగా ఇప్పించారేమోనని 1997 కూడా చూశారు. అప్పుడు దాసన్న ఏదో అనుమానం వచ్చినట్టు పేజీలు వెనక్కు తిప్పాడు. 1993, సెప్టెంబరు అయిదు, ఆదివారం. తండ్రి మారెన్న, తల్లి కృపమణి. బిడ్డ యేసుప్రసాద్. పుట్టిన తేదీ, అదే ఏడాది మే ఇరవై.

బడి సర్టిఫికెట్లో ఉన్నది జూన్ ఒకటి, 1993.

ప్రసాదు చాలాసేపు ఆ వరుస మీదనే వేలు పెట్టి కూర్చున్నాడు. నరసింహ అయ్యవారు తప్పు రాసిందల్లా పన్నెండు రోజులు. అది కూడా ఇతన్ని చిన్నవాణ్ణి చేస్తూ రాశాడు. మూడున్నరేళ్ళు లేదు, చెంప దాకా పోయిన చెయ్యి లేదు. కడపలో ఆ రోజు తనతో పాటు ఆడినవాళ్ళంతా తన ఈడువాళ్ళే.

దాసన్న అతని మొహం చూసి తట్టుకోలేకపోయాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఆరు పల్లెలకు ఒక్కడే. ఈ ఊరికి నెలకు రెండు ఆదివారాలు వస్తాడు. ఎవరికైనా మధ్యలో నకలు అవసరమైతే ఇబ్బంది పడకూడదని, నాలుగైదు ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి, ముద్ర వేసి దాసన్నకు ఇచ్చిపోతాడు. అంత నమ్మకం. దాసన్న ఆ కాగితాల్లోంచి ఒకటి తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, అందమైన అక్షరాలతో అంతా ఎక్కించాడు. ఏడాది దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, 1995 అని రాశాడు.

"రిజిస్టరు సూడను ఎవురొస్తారప్పా ఇంత దూరం?" అన్నాడు. "పుస్తకంలో నేను చెయ్యి పెట్టల్యా. ఇది ఉట్టి నకలు. మన బిడ్డ బాగుపడతాడంటే అయ్యగారు మాత్రం వద్దంటాడా?"

ప్రసాదు వద్దనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనసులో మాట చెప్పాలంటే, చర్చి మెట్లు దిగేటప్పుడు అతనికి తల్లి మీద కోపం కంటే ఆ కాగితం మీద ఆశే ఎక్కువగా ఉంది. పదహారేళ్ళు నమ్మిన తేదీయే కదా అందులో ఉన్నది, కొత్తగా తను కల్పించింది ఏముంది అని సర్దిచెప్పుకుంటూ ఇంటికొచ్చాడు.

తల్లి చాట పక్కన పెట్టి గడప మీద కూర్చుని ఉంది. కొడుకు మొహం చూడగానే అంతా తెలిసిపోయింది. ప్రసాదు నిలబడే అడిగాడు.

"ఎందుకు జెప్తివి మా, ఆ కథ?"

కృపమణి నేల చూస్తూ చెప్పుకొచ్చింది. కడపలో రెండో రోజు సాయంత్రం, ఎంపిక చేసే పెద్దసారు కంచె దగ్గరికొచ్చి ఆమెతో మాట్లాడాడట. చెడ్డవాడు కాదు, మర్యాదగానే చెప్పాడట. మీవాడికి పొడుగుంది గాని ఆట లేదమ్మా, చేతిలో బంతి నిలవదు, ఇంకో ఏడు పోయినా ఇంతే, ఊరికే ఆశ పెట్టుకోకుండా చదివించుకోండి అన్నాడట.

"ఆ మాట నీకెట్ల జెప్పేదప్పా?" అంది. "నువ్వు సూస్తే రెండు దినాలు మెతుకు ముట్టల్యా. మీ నాయన ఏడుస్తా కూకున్యాడు. ఏందో ఒకటి జెప్పి లేపల్ల నిన్ను. నోటికొచ్చింది జెప్తిని. లేచి రొట్టె తింటివి. మర్సటి దినం నిజం జెప్దామనుకున్యా. నువ్వేమో బాలు పట్టుకోని పోతివి."

మరుసటి రోజు కుదరలేదు, మరుసటి నెల కుదరలేదు. ఆ తర్వాత కొడుకు చెన్నై పోయాడు, ఆట వచ్చింది. ఆ పెద్దసారు మాటా తప్పయింది. ఇక చెప్పి ఏం లాభమని ఊరుకుందట. ప్రసాదు వింటున్నాడు. కోపంతో అరవాలనుంది. ఆట రాదన్న మాట ఆ రోజే తన చెవిన పడి ఉంటే ఈ రోజుకి ఫ్యాక్టరీలో రాళ్ళు మోస్తూ ఉండేవాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తల్లి చెప్పిన ఆ రెండేళ్ళ మీదే అతను ఇన్నేళ్ళూ ఆడాడు. అయినా లోపల ఎక్కడో మంట ఆరలేదు. ఎవరి మీద మంటో ఇప్పుడు తెలియడం లేదు. అప్పుడు గుర్తొచ్చాడు ఆ ముసలాయన.

"అయ్యవారిని ఇన్నేండ్లు తిట్టుకున్యా మా," అన్నాడు. "బస్టాండులో పలకరిస్తే మొగం తిప్పుకోని పోయినా."

"తెలుసు. ఆయప్పే వచ్చి చెప్పినాడు నాకు. మీవోడు నాతో పలకల్యామ్మా, నేనేం తప్పు చేస్తిని అని అడిగినాడు." అంది కృపమణి. "దాచలేకపోతి. ఉన్నదున్నట్టు జెప్పుకోని కాళ్ళు పట్టుకున్యా. నీ పేరు జెప్పి అబద్ధమాడినా సామీ, నా కొడుక్కు నిజం జెప్పి నీ దగ్గరికి తోలకొస్తా అన్యా."

"ఏమన్యాడు?"

"వద్దన్యాడు. పోనీలేమ్మా, నా పేరు జెప్పుకోని బిడ్డ అన్నం తిన్యాడు గదా, అట్లే ఉండనీ అన్యాడు."

ప్రసాదు గడప మీద తల్లి పక్కన కూలబడ్డాడు. అంత మనిషీ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వచ్చేపోయేవాళ్ళు చూస్తారని కూడా అనుకోలేదు. కృపమణి కొంగుతో మొహం తుడవబోయి, చెయ్యి అందక భుజం తుడిచింది.

కాసేపటికి అతను జేబులోంచి కాగితం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. కృపమణికి చదువు రాదు, ముద్ర మాత్రం గుర్తుపట్టింది. అందులో ఏం రాశారని అడిగింది. ప్రసాదు దాచకుండా చెప్పాడు: దాసన్న రాసిన తేదీ, అయ్యగారి సంతకం, చెన్నై ఉద్యోగం, ఇది కోర్టులో వేస్తే జరిగేది, వేయకపోతే పోయేది. తను మాత్రం నిర్ణయించుకోలేకపోతున్నానని కూడా చెప్పాడు. కల్లూరు ఇల్లు, ప్రసన్నకుమారి మొహం, ఐసు పెట్టినా వాపు దిగని మోకాళ్ళు అన్నీ కళ్ళ ముందు ఉన్నాయి.

కృపమణి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. కొడుకు బాగుపడాలని ఆ ఇంట్లో ఆమెకంటే ఎక్కువ కోరుకున్నవాళ్ళెవరు? ఆ ఉద్యోగం ఎంత పెద్దదో ఆమెకు తెలుసు. అయినా కాగితాన్ని మళ్ళీ కొడుకు చేతిలోనే పెట్టింది.

"ఒక మంచోని పేరు జెప్పి నేనొకసారి అబద్ధమాడినా. ఆయప్ప నోరు తెరవకుండా పోయినాడు, ఆ బరువు నన్నిడిసిపెట్టల్యా," అంది. "ఈ సంతకం అయ్యగారిది. ఆయనకు తెలనే తెలదు. రేపు ఎవురన్నా అడిగితే ఆయన ఏమని జెప్పల్ల? నాకు రాత్రిళ్ళు నిద్ర లేకపోయె. నీకొద్దప్పా ఇది."

ప్రసాదు కాగితం వైపు చూశాడు. దాసన్న చేతిరాత చాలా బాగుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేసి వచ్చాడు. పెట్టాక కూడా గుండెలో తేలిగ్గా ఏమీ అనిపించలేదు. పోయిన ఉద్యోగం పోయినట్టే నొప్పిగా ఉంది. ముందు ప్రసన్నకుమారికి ఫోన్ చేశాడు. ఆమె అంతా విని, ముక్కు చీదుకుని, సరే, ఐసు గడ్డలు పెట్టి ఉంచుతాను, చీకటి పడకముందే ఇంటికి రమ్మంది.

ఆ తర్వాత చెన్నైకి చేశాడు. వసంతకుమార్ మొదటి రింగుకే ఎత్తి, కాగితం దొరికిందా అని ఆత్రంగా అడిగాడు.

"దొరికింది సార్," అన్నాడు ప్రసాదు. "నాకు ముప్పై ఒకటే."

ఇక ఈ ఉద్యోగం ఆశ వదులుకోవాల్సిందేనని వసంతకుమార్ నెమ్మదిగా చెప్పాడు. తెలుసునన్నాడు ప్రసాదు. మరి ఏడేళ్ళుగా నువ్వు చెప్పే ఆ చెయ్యి, ఆ చెవి, ఆ అయ్యవారు, అదంతా ఏమిటప్పా అని అడిగాడాయన. ప్రసాదు తల తిప్పి చూశాడు. గడప మీద తల్లి మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంది గాని చెరగడం లేదు, చెవి ఇటే పెట్టి కూర్చుంది.

"మా నరసింహ అయ్యవారు సరిగ్గానే రాసినాడు సార్," అన్నాడు. "తప్పు ఆయనది కాదు. ఆ మాట మీరు నా కథ విన్న మన వాళ్ళందరికీ చెప్పల్ల."